ఏడో గల్లీ వెచ్చని గోడ

దిగుడు, 1వ రోజు

ఉదయం ఆరింటికి గేటు మూశారు. ఇక వానలు మొదలయ్యే మిరుగు కార్తె దాకా, డెబ్బై రోజులు, ఈ మూడో నంబరు బొగ్గుబాయే మా ఊరు. పైన నీడలోనే యాభై ఆరు డిగ్రీలు ఉందని ఆఫీసు బోర్డు చెబుతోంది. గేటు తాళం పైవాళ్ల చేతిలో ఉంటుంది. మూడేళ్ల క్రితం కింద ఉక్కపోస్తోందని కొందరు తాళం తీసుకుని పైకి పరుగెత్తారు, రోడ్డు దాటకముందే ఎండకు కూలిపోయారు. అప్పటినుంచి తాళం మాకివ్వడం లేదు.

నాన్న కాలంలో ఇక్కడ బొగ్గు తీసేవారు. ఇప్పుడు ఎండాకాలం నాలుగు వందల పన్నెండు మంది ఆ తవ్విన గల్లీల్లో కాపురం పెడుతున్నాం. మొత్తం తొమ్మిది గల్లీలు. ఒకటో గల్లీ గేటు దగ్గర, తొమ్మిదోది అట్టడుగున.

నా పేరు ఓదెలు. చిలకల మేస్త్రిని. చిలక అంటే అరచేతంత తెల్ల డబ్బా. తీగ ఉండదు, బ్యాటరీ మీద నడుస్తుంది. రంగూ వాసనా లేని బొగ్గువిషాన్ని పసిగట్టి కూస్తుంది, తన అంకెను గాలిలోనే పైన ఆఫీసుకు పంపుతుంది. ముప్పై దాటితే తలనొప్పి మొదలు. వంద దాటితే వాంతులు. నాలుగు వందలయితే గంటల్లో మనిషి లేవడు. ఈ ఏడు కొత్త చిలకలు అరవై ఐదు వచ్చాయి. అదీ ఎప్పుడు? గేటు మూసే వేళకి, అట్టపెట్టెల్లో, అంటించిన టేపు కూడా విప్పకుండా. పైన చేయాల్సిన పని నేను కింద చేసుకోవాలన్నమాట. పొద్దున్నే తిట్టుకున్నాను.

2వ రోజు

సున్నా పట్టడం పూర్తయింది.

కొత్త చిలకను మంచి గాలిలో పెట్టి, ఇదే మంచి గాలి, ఇక్కడినుంచి లెక్కపెట్టుకో అని నేర్పడమే సున్నా పట్టడం. ఎప్పుడూ పైనే, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చేసేవాణ్ని. ఈసారి ఆ భాగ్యం లేదు. తడి లేని చోట, కాస్త వెచ్చగా ఉన్న చోట, శుభ్రమైన గాలిలో చేయాలని పుస్తకంలో రాసి ఉంది. బాయిలో తడి లేని చోటు ఎక్కడ దొరుకుతుంది? పైకప్పునుంచి చుక్కలు పడని గజం నేల లేదు. వెతగ్గా వెతగ్గా ఏడో గల్లీ చివర దొరికింది. పాత తవ్వకాన్ని ఎప్పుడో ఇటుకలతో మూసేసిన గోడ ఉందక్కడ. నిరుడు చల్లగా ఉండేది. ఈ ఏడు పొడిగా ఉంది, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. నాకు పండగే అయింది. దుప్పటి పరిచి, అరవై నాలుగింటినీ వరసగా పేర్చి, మధ్యాహ్నానికల్లా పని ముగించాను. ఒకదాన్ని మాత్రం ఎప్పుడైనా అక్కరకొస్తుందని పెట్టెలోనే ఉంచాను.

సున్నా సీజనుకు ఒక్కసారే. ఆ తర్వాత యంత్రానికి తాళం పడుతుంది, ఎవరు పడితే వాళ్లు నొక్కకుండా. ఆ తాళం కూడా పైవాళ్లదే.

4వ రోజు

బిగించడం అయింది. పడుకున్న మనిషి ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. పొయ్యికి నాలుగు గజాల దూరంలో. మూలల్లో కాదు, పరదాల వెనక కాదు. ఇంటింటికీ ఇదే పాట పాడాను. వారానికోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపాలని, తడిగుడ్డ పెట్టొద్దని, బటన్ నొక్కితే కూసినంత మాత్రాన అది గాలిని సరిగా చూస్తోందని నమ్మొద్దని చెప్పాను. బటన్ నొక్కితే దాని గొంతు పనిచేస్తోందని తెలుస్తుంది, ముక్కు సంగతి తెలియదు. అందరూ తలూపారు. మధ్యాహ్నం తిరిగి వెళ్లేసరికి కనుకవ్వ తన చిలక మేకుకు తడిచీర ఆరేసింది.

కనుకవ్వ మా బాయి మంత్రసాని. డెబ్బై దాటాయి. ఆమెను ఏమైనా అనాలంటే ముందు ఒక గజం వెనక్కి జరగాలి.

"చీర తియ్యవ్వా, దాని ముక్కు మూసుకపోతది," అన్నాను.

"నీ చిలుక ముక్కేమో గని, ఈ తడికి నా కీళ్లు మూసుకపోతున్నయి బిడ్డా. దానికి జెప్పు," అంది.

12వ రోజు

చెల్లె స్వరూపకు కొడుకు పుట్టాడు! పెళ్లయిన తొమ్మిదేళ్లకు. రెండు కడుపులు పోయాక. బావ మొగిలి బాయి పెద్ద ఫ్యాను నడుపుతాడు, మాట తక్కువ మనిషి. వాడు ఫ్యాను దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడిస్తే, నేను పక్కన నిలబడి నవ్వుతూ ఏడ్చాను.

బాలింతకు తడి తగలకూడదు, వెచ్చగా ఉండాలి. ఏడో గల్లీ చివరి గదికి మార్చమని కనుకవ్వ అంది. గోడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మంచం దానికి ఆనించి వేయించింది. "భూమితల్లే ఒడి వెచ్చజేసి పెట్టింది," అంది. ఆ చోటు కనిపెట్టింది నేనేనని నలుగురికీ చెప్పుకున్నాను. సున్నా పట్టిన చోటు, బాయి మొత్తంలో ఇంత మంచి గాలి లేదని గొప్పగా అన్నాను.

కింద పుట్టిన బిడ్డకు కింద పేరు పెట్టరు. అది మా ఆనవాయితీ. మిరుగు నాడు గేటు తెరిచాక, ఎత్తుకుని పైకి తీసుకెళ్లి, సూర్యుడికి చూపించి అప్పుడు పేరు పెట్టి పిలుస్తారు. అందాకా అందరికీ వాడు బుడ్డోడే. ఇంకా యాభై ఎనిమిది రోజులు.

15వ రోజు

రెండు పూటలా బాలింత గది చిలక కూస్తోంది. మొదటిసారి అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాను. చూస్తే కనుకవ్వ కుంపట్లో నిప్పులు పోసి, సాంబ్రాణి వేసి, బుడ్డోడికి పొగ పడుతోంది. నిప్పులున్న చోట చిలక కూయక ఏం చేస్తుంది?

"బయట వట్టరాదవ్వా పొగ?" అన్నాను.

"బయట సల్లగాలిల నీకు వట్టాల్నా?" అంది.

పైన ఆఫీసులో మా బాయిని చూసుకునే ఆపరేటరు రుక్సానా మేడం. మంచి మనిషి. ప్రతి కూతకూ ఫోన్ చేసి అడుగుతోంది. పాపం ఆమెకు పదకొండు బాయిలు. ఆమె పని తేలిక చేద్దామని కూతలను లెక్కచూసే సిస్టంలో నేనే నోటు రాసి పెట్టాను: ఏడో గల్లీ కూతలు సాంబ్రాణి వల్ల, ప్రమాదం లేదు, పట్టించుకోనక్కర్లేదు. మేస్త్రి సంతకం, వేలిముద్ర. సాయంత్రం మేడం ఫోన్ చేసి, సిస్టం నోటు నేర్చుకుందని, ఇకనుంచి తనంతట తనే వదిలేస్తుందని థాంక్స్ చెప్పింది.

27వ రోజు

బుడ్డోడంత బుద్ధిమంతుణ్ని చూడలేదని అందరూ అంటున్నారు. ఏడుపే లేదు. పాలు తాగుతూనే నిద్రపోతాడు. రెండో గల్లీలో పుట్టిన పిల్ల బాయంతా ఎగిరిపోయేలా ఏడుస్తుంటే, వీడు హాయిగా పడుకుంటాడు. గోడ చలవ అంటోంది కనుకవ్వ. స్వరూపకు మాత్రం తల పగిలిపోతోంది. తలకు గుడ్డ కట్టుకోకుండా తిరిగావని కనుకవ్వ కసిరింది. నాకు కూడా ఆ గదికి వెళ్లొస్తే నొసలు లాగుతోంది. కళ్లద్దాలు మార్చాలి.

33వ రోజు



బాలింత గది చిలక చచ్చిపోయింది. బుడ్డోడికి పోసే వేడినీళ్ల ఆవిరి దాని ముక్కులోకి పోయింది. పెట్టెలో దాచిన కొత్తదాన్ని, కంపెనీవాళ్ల సున్నా మీదే ఉన్నదాన్ని, తీసి, సిస్టానికి జతచేసి, గోడకు బిగించాను. అంకె వచ్చింది. 58.

కుంపటి లేదు. సాంబ్రాణి లేదు. పొయ్యి లేదు. కొత్త సరుకు ఇంతేనని తిట్టుకుని, విప్పి, దులిపి, మళ్లీ బిగించాను. 59. దాన్ని పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. ఆరో గల్లీలో 41. నాలుగులో 24. ఒకటో గల్లీలో 9. ఫ్యాను ముందు, పైనుంచి గాలి దిగే చోట నిలబడ్డాను. 2. ఆ తర్వాత 1. ఆ తర్వాత సున్నా. వెనక్కి నడిచాను. అంకెలు అదే వరసలో పెరిగాయి. చెడిపోయిన యంత్రం అలా చేయదు.

ఏడో గల్లీ గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. లోపల, ఎవరూ వెళ్లలేని పాత తవ్వకంలో, మిగిలిపోయిన బొగ్గు తనంతట తనే రాజుకుంది. గోడ వెచ్చదనం అదీ. ఆ విషంలో దుప్పటి పరిచి కూర్చుని, ఇదే మంచి గాలి అని అరవై నాలుగింటికి నేర్పింది నేను. దిగిన రెండో రోజు అక్కడ ఎంత ఉందో, అది వాటికి సున్నా. అంతకు తక్కువైతే వాటికి తెలియదు, సున్నా కింద అంకె చూపవు. అందుకే బాయంతా సున్నాలే.

ఇంట్లో కూర్చుని నా చెంప నేనే వాయించుకున్నాను. నొప్పి కూడా సరిగా తెలియలేదు.

34వ రోజు

రాత్రికి రాత్రే స్వరూపను ఒకటో గల్లీకి మార్చాను. కనుకవ్వ అడ్డం నిలబడింది.

"పచ్చి బాలింతను సల్లటి గల్లీల పండవెడ్తవా? సన్నిపాతం గొడ్తే నువ్వు జూస్తవా?"

"అవ్వా, ఆ గోడెనక నిప్పున్నది. బుడ్డోడు నిద్రవోతలేడు, మత్తుల ఉన్నడు."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. బుడ్డోణ్ని ఎత్తుకుని, అరికాలు గట్టిగా గిల్లింది. వాడు ముఖం చిట్లించాడు, ఏడవలేదు. ఇంకోసారి గిల్లింది. అప్పుడు సన్నగా మూలిగాడు. ఆమె కుంపటి ఎత్తి బయట నీళ్లలో గుమ్మరించింది. తర్వాత చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే గదరా గోడకు ఆనిచ్చింది," అంది. నేనే కదవ్వా ఆ చోటు చూపింది, అన్నాను.

తర్వాత రుక్సానా మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఓదెలు గారూ, నాకిక్కడ అరవై మూడు సున్నాలు కనిపిస్తున్నాయండీ. ఒక్కటే ఎక్కువ చూపించింది, అదీ ఏడో గల్లీలో. సిస్టం సాంబ్రాణి అని వదిలేసింది."

"ఆ నోటు నేనే రాసిన మేడం. తీసెయ్యండి."

"మీరు రాసినా, తీసే అధికారం నాకు లేదండీ. ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్లతో చూడాలి."

"అయితే పంపుండ్రి."

"ఎండాకాలం మధ్యలో ఇన్‌స్పెక్టరు దిగాలంటే గేటు తెరవాలి. గేటు తెరవాలంటే సగం చిలకలైనా కూయాలి. నేను పైవాళ్లకు రాస్తాను. రోజూ రాస్తాను. నన్ను నమ్మండి."

నమ్మాను. ఆమె రాస్తుంది. చదివేవాళ్లెవరో ఆమెకూ తెలియదు.

36వ రోజు

బుడ్డోడు ఏడుస్తున్నాడు! రెండు రోజులుగా ఒకటో గల్లీలో ఎవరికీ కునుకు లేదు. తిట్టుకుంటున్నారు. స్వరూప నవ్వుతోంది, ముఖం కడిగినట్టు ఉంది. తలనొప్పి తగ్గిందట. నా చేతిలోని ఆ ఒక్క మంచి చిలక 9 దగ్గరే ఉంది.

ఐదు నుంచి తొమ్మిది దాకా గల్లీలవాళ్లను కూడా ముందుకు రమ్మని ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది కదల్లేదు. ఒకాయన తన గోడ మీది చిలకను చూపించి అడిగాడు: "అరవై మూడు అబద్ధమాడి, నీ చేతులది ఒక్కటే నిజం జెప్తదా మేస్త్రీ? దీన్ని నమ్ముమని జెప్పింది గూడ నువ్వే గదా?"

అవి అబద్ధం ఆడటం లేదు. నేను నేర్పిందే చెబుతున్నాయి.

39వ రోజు

ఏడో గల్లీ గోడకు సున్నమూ బంకమన్నూ కలిపి మెత్తాం, ఇరవై మందిమి, తడిగుడ్డలు ముక్కుకు కట్టుకుని. సాయంత్రానికి మన్ను ఎండి పగిలింది. ఆ పగుళ్ల దగ్గర 140.

మొగిలి ఫ్యాను వేగం పెంచాడు. గాలి ఎక్కువైతే విషం పలచబడుతుందని ఇద్దరం అనుకున్నాం. మొదటి గంట తగ్గింది కూడా, మొగిలి నా భుజం తట్టాడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎక్కింది. మేం తోసిన గాలి పగుళ్లలోంచి లోపలికి పోయి, ఆ నిప్పుకే ఊపిరి పోసింది. ఫ్యాను మళ్లీ తగ్గించాం. మంట మాత్రం తగ్గలేదు. ఒకటో గల్లీలో ఇప్పుడు 17.

మొగిలి రెంచీ నేలకేసి కొట్టాడు. "నడిపితే సస్తరు, ఆపితే సస్తరు. ఏం జెయ్యమంటవ్ బావా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

42వ రోజు

సగం చిలకలు కూయాలి కదా. కూయిద్దాం అనుకున్నాను.

తొమ్మిది గల్లీలనుంచి నలభై చిలకలు ఊడబెరికి గేటు దగ్గరికి తెచ్చాను. కనుకవ్వ తన కుంపటి ఇచ్చింది. నిప్పులు చేసి, పైన ఇనుప జాలీ పెట్టి, జాలీ మీద చిలకలను పేర్చాం. అన్నీ ఒక్కసారిగా కూశాయి. బాయి అదిరిపోయింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం పెళ్లి బాజాలా వినిపించింది. గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. స్వరూప బుడ్డోణ్ని బట్టలో చుట్టి, చెప్పులు కూడా వేసుకుని వచ్చింది.

అరగంటకు ఫోన్ మోగింది. రుక్సానా మేడం.

"ఓదెలు గారూ... సిస్టం చూసిందండీ. నిప్పుల పొగ, సాంబ్రాణి రకం అని గుర్తుపట్టింది. నలభైకీ అదే నోటు వేసి వదిలేసింది. పైగా మేస్త్రి యంత్రాలను చోటునుంచి కదిలించాడని మీ మీద రాసింది. ఇక మీ ఫిర్యాదులు మిరుగు తర్వాతే చూస్తారట."

"మేడం, మీరు వచ్చి గేటు తియ్యలేరా?"

"గేటు ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. బండికి కూడా అదే సిస్టం తాళం." ఏడుస్తోందని అర్థమైంది. "నేను నడిచి వస్తే చేరనండీ."

చేరదు. నడిచి రావద్దని నేనే బతిమాలాను.

ఎన్నో రకాల పొగలున్నాయి లోకంలో. సిస్టానికి ఒక్కదాని పేరే నేర్పాను, మా చెల్లె గదిలో కూర్చుని, నా వేలిముద్ర వేసి.

46వ రోజు

ఒకటో గల్లీలో 38. ఇప్పుడు అందరూ నమ్మారు, ఎందుకంటే అందరికీ తల పగులుతోంది. నాలుగు వందల మందీ ఒకటి, రెండు గల్లీల్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వెనక్కి జరగడానికి చోటు లేదు. ముందు గేటు ఉంది, గునపాలతో పొడిచినా చెక్కుచెదరని ఉక్కు. పొయ్యిలు ఆర్పేశాం, అటుకులు నానబెట్టుకుని తింటున్నాం. ఫ్యాను ముందు పిల్లలనూ, వాళ్లలో ముందు బుడ్డోణ్నీ కూర్చోబెట్టాం. అక్కడ కూడా 21, ఫ్యాను తగ్గించాక విషం అక్కడిదాకా పాకింది.

ఎవరూ నన్ను తిట్టడం లేదు. తిడితే బాగుండేది.

స్వరూప నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, వీనికి పేరు అనుకున్న. మొగిలికి గూడ జెప్పలే. నీకు జెప్తా."

"మిరుగు నాడు జెప్పాలె చెల్లె. సూర్యునికి సూపించినంక."

"అప్పటికి యాదుంచుకునేటందుకు ఎవరుంటరో," అంది. నా చెవిలో చెప్పింది. మంచి పేరు. ఇక్కడ రాయను. ఆనవాయితీ తప్పించానని అనిపించుకోవడం నాకిష్టం లేదు, గేటు తెరుస్తారన్న ఆశ వదులుకున్నానని అనిపించుకోవడం అంతకంటే ఇష్టం లేదు.

49వ రోజు

రాత్రీ పగలూ వెలిగించి తిప్పడంతో మంచి చిలక బ్యాటరీ అయిపోయింది. మిగతావాటివి తీసి వేద్దామంటే, బ్యాటరీలన్నీ లోపలే సీలు వేసినవి, మార్చడానికి రావు. ఆఖరి అంకె, ఫ్యాను ముందు, 47. ఇక నా చేతిలో విషాన్ని కొలిచేదేదీ లేదు. గోడల మీద ఇరవై మూడు చిలకలు మిగిలాయి. ఏడో గల్లీ దాకా వెళ్లి చూడలేను గాని, ఇక్కడున్నవన్నీ సున్నా చూపిస్తున్నాయి.

కనుకవ్వకు పొద్దున్నించి వాంతులు. పడుకునే నన్ను పిలిచి చెప్పింది: "బుడ్డోన్ని జూస్తుండు. పెద్దోళ్లకంటె ముందు వానికే దెలుస్తది. అరికాలు గిల్లు. ఏడిస్తే గాలి ఉన్నట్టు."

స్వరూప తల నిలపలేకపోతోంది. బిడ్డను నా ఒళ్లో పెట్టింది. మొగిలి ఫ్యాను దగ్గరే ఉన్నాడు, ఎక్కువ తిప్పకుండా, తక్కువ తిప్పకుండా. పుస్తకంలో అంకెలు రాసే గడుల్లోనే రాస్తున్నాను. వేరే కాగితం లేదు.

ఉదయం 9:00. గిల్లాను. ఏడ్చాడు.

9:30. గిల్లాను. ఏడ్చాడు. పాలు తాగాడు.

10:00. గిల్లాను. ఏడ్చాడు. "వద్దు అన్నా, పడుకోనియ్యి," అంది స్వరూప కళ్లు తెరవకుండానే. నేను వినలేదు.

10:30. రుక్సానా మేడం ఫోన్. ఇవాళ కూడా రాసిందట. జవాబు లేదు. బుడ్డోడి ఏడుపు వినిపించమని అడిగింది. గిల్లి, ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టాను. ఏడ్చాడు. ఆమె ఫోన్ పెట్టేయలేదు, అలాగే వింటోంది.

11:00. రెండుసార్లు గిల్లాను. ఏడ్చాడు.

11:30. రెండుసార్లు గిల్లాను. ఏడ్చాడు. మిరుగుకు ఇంకా ఇరవై ఒక్క రోజులు.

12:00. మూడుసార్లు గిల్లాను. మూలిగాడు. మళ్లీ గిల్లాను. ఏడ్చాడు.

12:30. నాలుగుసార్లు గిల్లాను. పేరు పెట్టి పిలిచాను, గట్టిగా, అందరూ వినేలా. ఏడ్చాడు.